పావన నరసింహుడి దారిలో

అహోబిలంలో నరసింహస్వామికి తొమ్మిది గుళ్లు. కొన్ని కొండ మీద, కొన్ని కింద, పావన నరసింహుడిది మాత్రం అడవి కడుపులో. ఒక్కో గుడిలో స్వామిది ఒక్కో మనఃస్థితి. జ్వాలా నరసింహుడు హిరణ్యకశిపుణ్ని చీల్చేస్తున్న ఉగ్రరూపం. మాలోలుడు లక్ష్మీదేవి చెంత చల్లబడినవాడు. ఛత్రవటంలో చెట్టునీడన కూర్చుని హాహా, హూహూ అనే గంధర్వుల పాట వింటూ ఉంటాడు. దిగువ అహోబిలానికి దగ్గర్లో ఉన్న యోగానంద నరసింహుడు, రాక్షస సంహారం ముగిశాక ప్రహ్లాదుడికి యోగం నేర్పాడని స్థలపురాణం. ఈ కథ నాకు మొదటినుంచీ ఇష్టం. తండ్రి చావు కళ్లెదుట చూసిన పసివాడు. ఆ చావు తెచ్చిన చేతులే వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని, మనసు ఎలా నిలుపుకోవాలో చెప్పాయి. ఎర్రాప్రగడ నృసింహపురాణం రాసింది ఈ క్షేత్రం మీదే. భయం, కోపం, శాంతి మూడూ ఒకే దేవుడిలో ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు తెలుగునేల మీద నాకు ఇంకొకటి తెలియదు.

ఉగాది వెళ్లిన వారంలో నేనూ, మా అక్క కూతురూ బయలుదేరాం. హైదరాబాదు నుంచి కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా దారి. ఆళ్లగడ్డ దాటాక రోడ్డుకు రెండు వైపులా పొలాలు సన్నబడుతూ వచ్చి, ఎదురుగా నల్లమల అడ్డంగా నిలబడుతుంది. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. తెలివైనది, నెమ్మదస్తురాలు. కానీ రెండేళ్లుగా పానిక్ అటాక్‌లు. పరీక్ష హాల్లోనో, లిఫ్టులోనో, ఒక్కోసారి ఏ కారణం లేకుండా అర్ధరాత్రి మంచం మీదో గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది. డాక్టరు మందులిచ్చారు, కౌన్సెలింగ్ నడుస్తోంది. "నీతో నాలుగు రోజులు ఎక్కడికన్నా తీసుకుపోవే" అంది అక్క. "కొండలెక్కుదాం పిన్నీ" అంది పిల్ల.

ఆమెకు నేను ఏమైనా ఇవ్వగలిగితే అది ఆనాపాన ఒక్కటే. 1976లో విపశ్యన గురువు గోయెంకా గారు హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ప్రారంభించిన ధమ్మఖేత్త ధ్యాన కేంద్రంలో నేను అది నేర్చుకున్నాను. అక్కడి పది రోజుల మౌన శిక్షణలో మొదటి మూడు రోజులకు పైగా చేయించేది ఒకే పని. ముక్కు రంధ్రాల కింద, పై పెదవికి పైన ఉన్న ఆ చిన్న జాగాలో వచ్చే గాలినీ పోయే గాలినీ గమనించడం. ఊపిరిని పొడిగించకూడదు, బిగబట్టకూడదు, లెక్కపెట్టకూడదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి. కర్నూలులోనే పుట్టి పెరిగిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం పుణ్యాన 'శ్వాస మీద ధ్యాస' అన్న మాట మన పల్లెటూళ్ల గోడల మీదికి కూడా ఎక్కింది. మాట అందరికీ తెలుసు. అది ఎప్పుడు, ఎందుకు పనికొస్తుందో మాత్రం గదిలో చాప మీద కూర్చున్నంత కాలం నాకు సగమే తెలిసింది.

మొదటి రోజు యోగానంద స్వామి గుడి వసారాలో కూర్చుని పిల్లకు అది చూపించాను. మధ్యాహ్నం ఎగువ అహోబిలానికి పోయి, భవనాశిని వాగు వెంబడి రాళ్లెక్కి జ్వాలా నరసింహుడి దాకా వెళ్లొచ్చాం. అక్కడ కొండ అంచు నుంచి నీళ్లు దారి మీదికే జారి పడుతుంటాయి. వేసవి కాబట్టి సన్నటి జల్లు. ఆ పైన ఉగ్రస్తంభం, నిలువునా చీలిన బండ. స్వామి దాన్ని చీల్చుకునే బయటికి వచ్చాడంటారు. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ మాట నమ్మకపోవడమే కష్టం.

రెండో రోజు పావన నరసింహుడి దగ్గరికి. దిగువ అహోబిలం నుంచి జీపులు పోతాయి, ఒళ్లు హూనం చేసే అడవి బాటలో. ఎగువ అహోబిలం నుంచి నడిచి పోయే దారి ఆరేడు కిలోమీటర్లు ఉంటుంది. మేం నడకే ఎంచుకున్నాం. తోడుగా ఒక చెంచు పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చేతిలో కర్ర, భుజాన చిన్న గొడ్డలి, కాళ్లకు టైరు చెప్పులు. చెంచులకు నరసింహస్వామి అల్లుడు. చెంచు పిల్ల లక్ష్మిని మనువాడినవాడు. సంక్రాంతి వెళ్లగానే స్వామి పారువేటకు బయలుదేరి నెలకు పైగా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని స్వయంగా పిలుస్తాడు. ఆ ఉత్సవం సంగతి చెప్పేటప్పుడు పెద్దాయన గొంతులో ఇంటి పెళ్లి కబుర్లు చెప్పే చనువు వినిపించింది.

అడవిలోకి అడుగు పెట్టే ముందు ఆయన మమ్మల్ని ఆపాడు.

"సద్దు చేసుకుంటా నడవాలమ్మా. మనమొస్తా ఉన్నామని వాటికి తెలవాల. తెలిస్తే అవే పక్కకు పోతాయి. తెలీకుండా ఎదురుపడితేనే కష్టం."

"పులి ఉందా పెద్దయ్యా?" అని అడిగింది పిల్ల.

"ఉంది. అది మనల్ని సూస్తాది, మనకు కనపడదు. దాంతో బాధ లేదు. జాగర్తగా ఉండాల్సింది ఎలుగుతో. తిండి మీద పడిందంటే దానికి ఏమీ ఇనపడదు."

ఆ మాటలో ఎంత నిజముందో తర్వాత చదివితే ఇంకా బాగా అర్థమైంది. మన అడవుల్లోని ఎలుగుకు ప్రధానమైన తిండి చెదపురుగులు, చీమలు. పొడవాటి గోళ్లతో పుట్టను పెకలించి, ముక్కు రంధ్రాలు మూసుకుని, పెదవులు గొట్టంలా చాచి పురుగుల్ని జుర్రుకుంటుంది. అందుకు వీలుగా పై దవడలో ముందరి రెండు పళ్లు ఉండనే ఉండవు. ఆ జుర్రుకునే చప్పుడు వంద మీటర్ల అవతలికి కూడా వినిపిస్తుంది. అంత చప్పుడులో దానికి మన అడుగుల సద్దు చేరదు. చూపు అంతంతమాత్రం. తెలుసుకునేదంతా ముక్కుతోనే. గాలి ఎదురుగా వీస్తుంటే వాసన కూడా అందదు.

మరో సంగతి. ఎలుగు ఎందుకు మీద పడుతుందనేది. లక్షల ఏళ్లుగా అది పులి, చిరుత తిరిగే అడవిలోనే బతికింది. చెట్టెక్కి తప్పించుకుందామంటే చిరుత కూడా చెట్టెక్కుతుంది. పరుగెత్తి పులిని గెలవలేదు. అందుకే దానికి అబ్బిన రక్షణ ఒక్కటే: బెదిరితే ముందుగా తానే మీద పడడం. ఎలుగు దాడిలో గాయపడినవాళ్లలో చాలామంది దానికి తెలియకుండా, అతి దగ్గరగా ఎదురుపడినవాళ్లే. ఇప్పపూలకో, తునికాకుకో, కట్టెలకో పోయిన పేదవాళ్లు. వాళ్ల ముఖాల మీద మిగిలే మచ్చలు చూసినవాళ్లెవరూ ఎలుగును తేలిగ్గా తీసుకోరు.

మేం బయలుదేరేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. ఇప్పచెట్ల కింద రాలిన పూలు లేత పసుపుగా, కాస్త పులిసిన తీపి వాసన వేస్తున్నాయి. పెద్దాయన మధ్యమధ్య కర్రతో రాళ్లను తట్టేవాడు, గొంతు సవరించుకునేవాడు, ఉన్నట్టుండి "గోవిందా" అనేవాడు. మేమూ అందుకునేవాళ్లం. భక్తులు దారి పొడుగునా పలికే గోవింద నామం ఎన్ని ప్రాణాలు కాపాడి ఉంటుందో అనిపించింది, మనుషులవీ, జంతువులవీ కూడా.

దారి దిగి ఒక ఎండిపోయిన వాగులోకి వెళ్తుంది. రెండు వైపులా వెదురు. ఆ పూట గాలి జోరుగా ఉంది. వెదుళ్లు ఒకదానికొకటి రాసుకుని కిర్రుకిర్రుమంటున్నాయి. గాలి మాకు ఎదురుగా వీస్తోంది. మా గొంతులు వెనక్కి కొట్టుకుపోతున్నాయి. వాగు మలుపు తిరిగేసరికి కొలిమిలో తిత్తి కొట్టినట్టు ఒక చప్పుడు, ఆగి ఆగి, బలంగా. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి నిలబడిపోయాడు.

పదిహేను గజాల దూరంలో నడుమెత్తు ఎర్రమట్టి పుట్ట. ఒక పక్క అంతా పెకిలిపోయి ఉంది. దానిలో తల దూర్చి ఒక నల్లటి కుప్ప. దుమ్ము పట్టిన పొడుగాటి వెంట్రుకలు మెడ మీద జూలులా వేలాడుతున్నాయి. పక్కన రెండు పిల్లలు మట్టిగడ్డలతో ఆడుకుంటున్నాయి. ముందు మమ్మల్ని చూసింది పిల్లల్లో ఒకటి. సన్నగా అరిచింది. తిత్తి చప్పుడు ఆగిపోయింది. తల్లి తల బయటికి లాగింది. మూతి నిండా ఎర్రమట్టి.

తర్వాత జరిగినదంతా చాలా కొద్దిసేపు. అయినా అందులో ప్రతి ముక్కా నాకు విడివిడిగా గుర్తుంది. పిల్లలు రెండూ తల్లి వీపు మీదికి ఎగబాకాయి. ఒకటి సరిగ్గా ఎక్కింది. రెండోది తలకిందులుగా చిక్కుకుని, ముందు కాళ్ల గోళ్లు తల్లి వెంట్రుకల్లో దిగేసి వేలాడుతోంది. ఆ గోళ్లు నల్లగా, చిన్నగా, అప్పుడే పదునెక్కుతున్నట్టున్నాయి. తల్లి వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. రొమ్ము మీద తెల్లటి గుర్తు. ముందు పాదాలు రెండూ కిందికి వేలాడుతున్నాయి. వేళ్లకన్నా పొడుగున్న గోళ్లు, దంతం రంగులో. మూతి పైకెత్తి గాలి పీల్చింది. మేమేమిటో దానికి ఇంకా తెలియలేదు.

"ఉరకొద్దు," అన్నాడు పెద్దాయన, పెదవులు కదిలాయో లేదో. "కూసోవద్దు. అరవద్దు. నేను అడుగేస్తే మీరూ ఎనక్కి అడుగేయండి."

నా నోరు అప్పటికే ఎండిపోయింది. చెవుల్లో హోరు. చూపు బాగా ఇరుకైపోయి ఆ మూతీ, ఆ గోళ్లూ తప్ప ఇంకేమీ కనబడడం లేదు. కాళ్లు ఉరకమంటున్నాయి. ఆలోచించి చెప్పేది కాదది. తొడల్లోంచి, పొట్టలోంచి పుట్టుకొచ్చే ఆజ్ఞ. నా మణికట్టు పట్టుకున్న అమ్మాయి చేతి గోళ్లు చర్మంలో దిగాయి. ఆమె ఊపిరి ఎగపీల్పుగా, ఈల వేసినట్టు లోపలికి మాత్రమే పోతోంది. ఒకటి మీద ఒకటి పీలుస్తోంది, వదలడం లేదు. ఆ వరసలో రాబోయేది కేక అని నాకు తెలుసు.

ఆమె చెవి దగ్గర "వదులు" అన్నాను. "పీల్చకు. ఉన్నదంతా వదిలేయ్. నోటితో, మెల్లగా." నేనూ వదిలాను. ఆమెకు వినబడేంత పొడుగ్గా. రెండోసారి ఆమె నాతో పాటు వదిలింది. మూడోసారికి ఆ ఈల చప్పుడు పోయింది. నేను మనసును ముక్కు కిందికి తీసుకెళ్లాను. అక్కడ గాలి ఉంది. పోయేటప్పుడు వెచ్చగా, వచ్చేటప్పుడు చల్లగా. చల్లగాలిలో ఎర్రమట్టి వాసనా, తడి కుక్క వాసన లాంటి ఆ జంతువు వాసనా. భయం అలాగే ఉంది, ఒక్క పాలు కూడా తగ్గలేదు. కానీ దాని పక్కనే నిలబడడానికి కాస్త చోటు దొరికింది. ఆ చోట్లో నిలబడితే పెద్దాయన మాట వినిపించింది. కాలు వెనక్కి వేయడం సాధ్యమైంది. ఇరుకైన చూపు కొద్దిగా విప్పారి, వెనక వాగు గట్టు ఎక్కడుందో, కింద ఏ రాయి మీద అడుగు పెడుతున్నానో కనబడింది.

నాలుగడుగులు వేశామో లేదో, అది ముందుకాళ్ల మీద దిగి, గుఫ్ఫుమని ఊపిరి బయటికి కొట్టి, మా మీదికి రెండు అంగలు వేసింది. పెద్దాయన కర్ర నేలకు ఆనించి ఉన్నచోటే నిలబడ్డాడు. గొడ్డలి మీదికి చెయ్యి పోలేదు. మేమూ నిలబడ్డాం. ఆగింది. మళ్లీ గుఫ్ఫుమంది. దాని పక్కటెముకలు ఎగసి పడుతుంటే వీపు మీది పిల్లలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. అప్పుడే నాకు తట్టింది, ఆ వాగులో గుండె అదిరిపోయి ఊపిరి ఎగబీలుస్తున్నది మేమొక్కళ్లమే కాదని. ఆ తల్లి కూడా బెదిరి ఉంది. ఎదుట ఉన్నవాళ్లు పరుగెత్తుతారా, అరుస్తారా, రాయి విసురుతారా అని చూస్తోంది. మేం ఏం చేస్తే అది ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

"పోమ్మా, పో," అన్నాడు పెద్దాయన, చంటిబిడ్డను నిద్రపుచ్చే గొంతుతో. "పిల్లల్ని తీసుకోని పో తల్లీ. నీ జోలికి రాంలే."

ఇంకో అడుగు వెనక్కి. ఇంకొకటి. అది మూతి పక్కకు తిప్పింది. ఒక్కసారి పుట్ట వైపు చూసింది, తిండి వదిలిపోవాలా అన్నట్టు. ఆ తర్వాత వెదురులోకి తిరిగింది. కొంతసేపు కొమ్మలు విరుగుతున్న చప్పుడు గట్టు మీదికి ఎక్కుతూ పోయింది.

అది పోయాక నాకు వణుకు పట్టుకుంది. మోకాళ్లు నిలవక ఒక బండ మీద కూలబడ్డాను. పిల్ల ఏడ్చింది, బాగా ఏడ్చింది. ఏడవనిచ్చాను. పెద్దాయన సీసా మూత తీసి నీళ్లందించి, "మంచిగ నిలబడ్డారమ్మా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

పావన గుడి చేరేసరికి పొద్దెక్కింది. దర్శనం చేసుకుని, చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర ముగ్గురం తిన్నాం. అప్పుడు మొదలుపెట్టి ఇప్పటిదాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను, ఆ వాగులో ఊపిరి చేసిందేమిటని.

ఒంటికి సంబంధించినంత వరకు జవాబు కొంత తెలుసు. ప్రమాదం కనబడగానే అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం పెద్ద కండరాలకు మళ్లుతుంది. ఈ ఏర్పాటులో మన చేతికి చిక్కేది దాదాపు ఏదీ లేదు. గుండెను తగ్గమంటే తగ్గదు, చెమటను ఆగమంటే ఆగదు. ఊపిరి ఒక్కటే దానంతట అదీ నడుస్తుంది, మనం నడిపిస్తే నడుస్తుంది కూడా. పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు వేగస్ నాడి పగ్గం లాగి కొంచెం తగ్గిస్తుంది. అందుకే భయపడినవాళ్లతో 'గట్టిగా ఊపిరి పీల్చుకో' అనడం నన్నడిగితే సరైన సలహా కాదు. వాళ్లు అప్పటికే ఎక్కువ పీల్చి ఉన్నారు. అతిగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం మొదలవుతాయి. మా అమ్మాయికి పరీక్ష హాల్లో జరుగుతున్నది సరిగ్గా అదే. వాళ్లకు చెప్పాల్సింది వదలమని, తొందరపడకుండా, చివరిదాకా.

మెదడు కాండంలో ఊపిరి లయను పుట్టించే ఒక చిన్న కేంద్రం ఉంది. 2017లో స్టాన్‌ఫర్డ్, లాస్ ఏంజిలిస్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ఒక పరిశోధన సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ కేంద్రంలోని కొద్దిపాటి నాడీకణాలు, మెదడును అప్రమత్తం చేసే మరో చోటికి ఊపిరి వేగాన్ని కబురు చేస్తుంటాయని అందులో తేలింది. ఆ కణాలను తీసేస్తే ఎలుకలు వింతగా నెమ్మదించిపోయాయి. ఎలుకల్లో కనిపించినదంతా మనిషికి నేరుగా అంటగట్టలేం. అయినా గోయెంకా గారి చాప మీద కూర్చున్నవాళ్లూ, ప్రాణాయామం చేసిన మన పెద్దలూ అనుభవంతో ఎరిగిన దారి ఒంట్లో నిజంగానే ఉన్నట్టుందని ఆ పరిశోధన చదివినప్పుడు నాకు సంతోషం వేసింది.

నేను వాగులో చేసినవి రెండు పనులు. ఊపిరిని పొడుగ్గా వదలడం ఒకటి, అది ఊపిరిని మన చేతిలోకి తీసుకోవడం. ఆ తర్వాత ముక్కు కింద గాలిని గమనించడం, అది ఊపిరిని దాని మానాన వదిలి చూస్తూ ఉండడం. ఆనాపానలో మొదటిదానికి చోటు లేదు. గురువులు ఒప్పుకోరు. కానీ ఎదుట ఎలుగు ఉన్నప్పుడు మొదటిది లేకుండా రెండోది నాకు అందేది కాదు. ఇంట్లో కూర్చుని చేసిన ఏళ్ల సాధన లేకపోతే ఆ క్షణంలో ముక్కు కింద జాగా ఉందనే గుర్తుకు వచ్చేది కాదేమో. భయం వేసినప్పుడు కొత్తగా నేర్చుకోవడానికి వ్యవధి ఉండదు. అలవాటైన బాటలోనే మనసు పోతుంది.

ఇవన్నీ పిల్లకు చెబుతుంటే నాకు మజ్ఝిమ నికాయంలోని భయభేరవ సుత్తం గుర్తొచ్చింది. జానుస్సోణి అనే బ్రాహ్మణుడు బుద్ధుడి దగ్గరికి వచ్చి, అడవిలో ఒంటరిగా ఉండడం ఎంత కష్టమో కదా అంటాడు. బుద్ధుడు కాదనడు. తనకు జ్ఞానోదయం కాకముందు అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్య రాత్రుల్లో కావాలనే ఒళ్లు జలదరించే వనాల్లో, చెట్ల కింది గుళ్లలో గడిపానని చెబుతాడు. ఒక జంతువు దగ్గరికి వచ్చేది. ఒక నెమలి ఎండుపుల్ల విరిచేది. గాలికి ఆకులు గలగలమనేవి. ఇదేనా ఆ భయం వస్తున్నది అనుకునేవాడట. నడుస్తుండగా భయం వస్తే నిలబడలేదు, కూర్చోలేదు, నడుస్తూనే దాన్ని దాటాడు. నిలబడి ఉండగా వస్తే నిలబడే. కూర్చుని ఉండగా వస్తే కూర్చునే. పాతికేళ్ల వయసులో ఇది చదివినప్పుడు గొప్పవాళ్ల మొండి పట్టుదల కాబోలనుకున్నాను. భయం ఉరకమన్నట్టు ఒంటిని ఉరకనీయకుండా ఉంటే ఎదుటి ప్రాణికి కూడా మనం అర్థమవుతామని అహోబిలంలో తెలిసింది. నెమలి పుల్ల విరిస్తే ఎంత భయం వేస్తుందో బుద్ధుడు దాచుకోకుండా చెప్పడం నాకు ఇప్పుడు ఇంకా విలువైనదిగా అనిపిస్తోంది.

2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరద నీటికి చిక్కుకుపోయిన పన్నెండు మంది ఫుట్‌బాల్ పిల్లల సంగతి కూడా మా మాటల్లోకి వచ్చింది. అమ్మాయికి అది తెలుసు. అప్పుడు తనూ స్కూలు పిల్లే. వాళ్ల కోచ్ అంతకు ముందు బౌద్ధ విహారంలో కొన్నేళ్లు ఉన్నవాడు. బ్రిటిష్ డైవర్లు కనిపెట్టే దాకా, జులై 2 వరకూ, ఆ చీకట్లో తిండి లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టి ధ్యానం చేయించాడు. జులై 10 నాటికి అందరూ ప్రాణాలతో బయటికి వచ్చారు. ఈ కథ చెప్పేటప్పుడు ధ్యానమే వాళ్లను కాపాడిందంటారు కొందరు. అది అన్యాయం. వేలమంది తోడిన నీళ్లు, డైవర్ల నైపుణ్యం కాపాడాయి. ఆ సాయం వచ్చి చేరేదాకా పిల్లల్ని బెంబేలెత్తనీయకుండా నిలిపింది ధ్యానం. మా విషయంలో కూడా అంతే. ఎలుగు తల్లి ఇంకో రెండు అంగలు వేసి ఉంటే నా ఊపిరి మా ముఖాలను కాపాడేది కాదు. అలా మీద పడితే బోర్లా పడుకుని, మెడ మీద చేతులు కట్టుకుని, ముఖం నేలకేసి దాచుకోవాలని పెద్దాయన ఆ చెట్టు కింద మాకు చేసి చూపించాడు. తేనెటీగలు రేగితే మాత్రం నిలబడకూడదు, ముఖం కప్పుకుని మూసిన చోటు దొరికేదాకా పరుగెత్తాల్సిందే అన్నాడు. ఏ ప్రాణి ముందు ఏం చేయాలో తరతరాలుగా తెలిసినవాళ్లు చెంచులు. ఆ తెలివి పక్కన ఉండబట్టి నా ధ్యానం పనికొచ్చింది. అది లేనిచోట కళ్లు మూసుకుని కూర్చోవడం ప్రమాదం. ధ్యానాన్ని అన్ని భయాలకూ మందుగా అమ్మేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

"నాకిప్పుడు ఒకటి అర్థమైంది పిన్నీ," అంది పిల్ల, పులిహోర చెయ్యి కడుక్కుంటూ. "ఎలుగును చూసినప్పుడూ, హాల్ టికెట్ చూసినప్పుడూ నా ఒంట్లో జరిగేది ఒకటే."

"తేడా ఏమన్నా కనబడిందా?"

కాసేపు ఆలోచించింది. "ఇక్కడ భయపడడం కరెక్టే. అందుకే దాంతో కొట్లాడలేదు."

డాక్టరు మందులు మానమని గానీ, ఒక్క నడకతో జబ్బు పోయిందని గానీ నేను చెప్పను. పోలేదు. కిందటి నెల మెట్రోలో మళ్లీ వచ్చింది. కానీ వచ్చినప్పుడు ముందుగా ఊపిరి వదులుతోందట.

గుడి దగ్గరికి రెండు జీపుల్లో కర్ణాటక వైపు నుంచి భక్తులొచ్చారు. వాళ్లలో నలుగురు కుర్రాళ్లు తిరుగు ప్రయాణం నడిచి పోదామని ఉత్సాహపడుతున్నారు. పెద్దాయన వాళ్ల దగ్గరికెళ్లి వాగు మలుపు సంగతి చెప్పాడు. గాలి తగ్గలేదు, ఈ పూట ఆ దారిన ఎవరూ పోవద్దన్నాడు. అక్కడున్న అటవీశాఖ సిబ్బందికి పుట్ట ఉన్న చోటు గుర్తులు చెప్పాడు. కుర్రాళ్లలో ఒకడు ఫోన్ తీసి, ఎలుగును వీడియో తీసుకోవచ్చా, దూరం నుంచే, అని అడిగాడు.

"పిల్లల తల్లి నాయనా," అన్నాడు పెద్దాయన. "పొద్దున ఒకతూరి బెదరగొట్టినాం. సగం తిండి ఇడిసిపెట్టి పోయింది. సందకాడ మల్లా ఆ పుట్టకాడికే వస్తాది. ఒకే దినం రెండు తూర్లు బెదరగొడితే పాలు ఎట్ల ఇస్తాది?"

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మేం ముగ్గురం కూడా వాళ్ల జీపుల్లోనే సర్దుకుని, దిగువ అహోబిలానికి అడవి బాట పట్టాం.